దుబాసీ

హాన్స్‌వేర్ట్ లాకుల దగ్గర
నీటిమట్టానికి నేనొక దుబాసీని రాసిచ్చాను.
నలభై రెండు వరసలు.
లోపలికి సెంటీమీటర్లు వెళతాయి,
బయటికి రంగు వస్తుంది.
రెండొందల ఎనభై దాకా పచ్చ,
మూడొందల ముప్ఫై దాటితే ఎరుపు,
నడుమ పసుపు.

కింద నీళ్లలో ఇనుప గొట్టం, గొట్టంలో తేలే బెండు.
బెండు చెప్పింది తీగ వింటుంది,
తీగ చెప్పింది పట్టిక రాసుకుంటుంది,
పట్టికకీ తెరకీ మధ్య నేను వేసిన ముడి.
అటు అంకె కదిలితే ఇటు పెట్టె రంగు మారాలి,
ఎవరూ ఎవర్నీ కేకేసి పిలవక్కర్లేదు.

క్రైన్ బోన్‌మన్ ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ గేట్లు ఎత్తుతున్నాడు.
కుర్చీ వెనక్కి లాక్కుని
నా తెరని కొత్తల్లుణ్ణి చూసినట్టు చూశాడు.

మొదటిరోజే ఒక కామా దెబ్బతీసింది.
గంట మోగాల్సిన ఎత్తు తన చేత్తో కొట్టాడు, మీటర్లలో:
2,80
ఈ దేశంలో దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు.
నా దుబాసీ ఇంగ్లీషు బళ్లో చదువుకుంది.
కామాని గుటుక్కున మింగి
రెండొందల ఎనభై మీటర్లని పట్టికలో రాసొచ్చింది.
క్రైన్ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.
"అంత ఎత్తున నీళ్లొస్తే
గంట వినడానికెవరుంటారు, నేల్చా?"

ఆ సాయంత్రమే దిద్దాను. ఒక్క మాట చేరిస్తే సరిపోయింది.

దిద్దనిది ఇంకొకటుంది.
ఇలాంటి దుబాసీకి రెండు పనులు రాయాలి,
పోయే దారి, వచ్చే దారి.
అంకె నుంచి రంగుకి పోవడం పల్లానికి నీళ్లు.
మరి పచ్చ నుంచి ఏ అంకెకి రావాలి?
పన్నెండుకా, నూట యాభైకా?
అందరూ చేసేదే నేనూ చేశాను:
"ఈ దారి ఇంకా వేయలేదు" అని
ఒక గుంజ పాతి వచ్చేశాను.

నవంబరులో ఒక రాత్రి,
మంచు కిటికీకి ఆనుకుని నిలబడ్డ రాత్రి,
గొట్టంలోకి బురద చేరి బెండు ఇరుక్కుంది.
పట్టికలో అంకె లేదు.
లేదంటే సున్నా అనుకుంది నా దుబాసీ.
సున్నా అంటే ఎంతో లోతున,
ఎంతో క్షేమంగా,
పచ్చ.

తెల్లారి నాలుగింటికి ఫోను.
"నీ పెట్టె ఏమంటోందో నాకు తెలీదు.
నీళ్లు మాత్రం మూడొందల పన్నెండు.
గేటు దించేశాను."
పెట్టె పచ్చగా లేదా అని అడిగాను.
అవతల కాసేపు చప్పుడు లేదు.
"నీ పచ్చా నీ ఎరుపూ నాకు ఒక్కటే, అమ్మాయ్.
రెండూ చల్లారిన కాఫీ రంగు.
ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు."

మరి మూడొందల పన్నెండని ఎలా తెలిసింది?
టార్చి పట్టుకుని బయటికెళ్లాడట,
ఒడ్డురాళ్ల మీద తడి ఏ నాచుచార దాకా నల్లబడిందో,
ఇనుపమెట్లు ఇంకా ఎన్ని మిగిలాయో చూశాడట.
అదొక్కటే చెప్పాడు, అదీ విసుక్కుంటూ.

మర్నాడు బురద తీశారు.
బెండు తన పాతలెక్కలన్నీ ఒప్పజెప్పింది,
నాలుగింటికి మూడొందల తొమ్మిది.
మూడు సెంటీమీటర్లు ఎవరివి తప్పో
నేనూ అడగలేదు, ఆయనా అడగలేదు.

ఇప్పుడు ఎరుపు పెట్టెలో లావాటి బాణంగుర్తు ఉంది,
పసుపులో అడ్డగీత.
అంకె రానప్పుడు పెట్టె బూడిదరంగుకి తిరిగి
"తెలీదు" అంటుంది, ఈ రెండక్షరాల పలుకు
దానికి నేర్పడానికి నాకు వారం పట్టింది.

వచ్చే దారి మాత్రం అలాగే ఉంది.
గుంజ పీకలేదు. దాని కింద, యంత్రం చదవని వరసలో
లాకు గది ఫోను నంబరు రాశాను,
పక్కనే
రాత్రి డ్యూటీ, మంగళ, గురు.